వియ్యపురాలితో నాలుగు శనివారాలు

ప్రశ్న: నాకు అరవై రెండేళ్ళు. గుంటూరు జిల్లాలో జడ్పీ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చాను. మా కోడలు ఇక్కడి అమ్మాయే. వాళ్ళమ్మగారి వైపు వాళ్ళు ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్ళు. ఆవిడ అమ్మమ్మ పంతొమ్మిదో ఏట మేయో అనే కౌంటీ నుంచి ఒక్కతే ఓడెక్కి వచ్చి, న్యూయార్క్‌లో డబ్బున్నవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసిందట. మార్చి నెల ఇక్కడ మహిళల చరిత్ర నెల, ఐరిష్ అమెరికన్ వారసత్వ నెల కూడానట. అందుకని మా వియ్యపురాలు మార్చిలో ప్రతి శనివారం మమ్మల్ని వాళ్ళింటికి పిలిచి, ధైర్యంగా నిలబడిన ఐరిష్ ఆడవాళ్ళ సినిమాలు చూద్దాం అంటోంది. సినిమాలు ఎంచే పని సగం నాకే అప్పజెప్పింది. నాకు టెన్షన్‌గా ఉంది. ఇంగ్లీషు చదువుతాను కానీ వాళ్ళు మాట్లాడితే సగం అందదు. మా చెల్లెలేమో ఫోన్లో 'వాళ్ళ సినిమాల్లో తాగుడు, ముద్దులు తప్ప ఏముంటాయి, కొడుకు పక్కన కూర్చుని ఎలా చూస్తావు' అంటోంది. పైగా మేం శాకాహారులం. అన్నిటికీ మించి, సినిమా అయ్యాక ఆవిడతో ఏం మాట్లాడను? మా అమ్మ రెండు గేదెల పాలమ్మి మమ్మల్ని నలుగురినీ చదివించింది. నాకు తెలిసిన ధైర్యం అదే. వాళ్ళ చరిత్ర నాకేం తెలుసు?
– ఒక వియ్యపురాలు, న్యూజెర్సీ

సమాధానం:

టీచరుగారూ,

మీ ఉత్తరంలో ఆ చివరి మాటలు లేకపోతే నాలుగు సినిమాల పేర్లు రాసి పంపేసేదాన్ని. రెండు గేదెల పాలతో నలుగురు పిల్లలను చదివించిన తల్లి గురించి చెప్పి, ఆ వెంటనే 'వాళ్ళ చరిత్ర నాకేం తెలుసు' అన్నారు. నేను అక్కడే ఆగిపోయాను. మీరు చూడబోయే సినిమాల్లో ఉన్నది దాదాపు ఆ కథే. ఊరు వేరు, భాష వేరు, గేదెల బదులు మెట్లు కడిగే బకెట్టు, అంతే.

సినిమాల్లోకి వెళ్ళేముందు కొంచెం చరిత్ర చెప్పుకుందాం. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టింది. అక్కడి పేదవాళ్ళకు పూటపూటకూ తిండి ఆ దుంపే. ఏడేళ్ళపాటు కరువు సాగింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు. అంతకు మించిన జనం ఓడలెక్కి దేశం విడిచిపోయారు. ఊళ్ళల్లో మనుషులు ఆకలితో పడిపోతుంటే రేవుల నుంచి ఇంగ్లండుకు తిండిగింజలు, పశువులు వెళ్తూనే ఉన్నాయి. మీ గుంటూరు సీమను 1832–33లో తుడిచిపెట్టిన డొక్కల కరువు గురించి మీకు నేను చెప్పాలా? అప్పుడు మన దగ్గర కంపెనీ దొరతనం, అక్కడ బ్రిటిష్ రాణి పాలన. రెండు కరువులకీ మధ్య గట్టిగా పదమూడేళ్ళు.

ఇందులో ఆడవాళ్ళ సంగతి ఒకటుంది. చాలామంది చెప్పరు, మీకు మాత్రం తప్పకుండా తెలియాలి. కరువు తర్వాత ఐర్లండ్ రైతులు పొలాన్ని ముక్కలు చెయ్యడం మానేశారు. పొలం ఒక కొడుక్కి, కట్నం ఒక కూతురికి. మిగతా ఆడపిల్లలకు ఊళ్ళో పెళ్ళీ లేదు, పనీ లేదు. వాళ్ళు పెట్టె సర్దుకుని అమెరికా ఓడ ఎక్కారు. ఐరోపాలోని మిగతా దేశాల నుంచి ఎక్కువగా మగవాళ్ళు ముందు వచ్చి, తర్వాత పెళ్ళాం పిల్లల్ని రప్పించుకునేవారు. ఐర్లండ్ నుంచి మాత్రం పెళ్ళికాని ఆడపిల్లలు మగవాళ్ళకు సమానంగా, కొన్నేళ్ళలో ఇంకా ఎక్కువగా కూడా వచ్చారు. వచ్చి ఇళ్ళల్లో పనికి కుదిరారు. జీతంలోంచి ఇంటికి డబ్బు పంపారు. ఆ డబ్బుతో ఊళ్ళో అప్పు తీరింది, తర్వాతి చెల్లెలికి టికెట్టు వచ్చింది. పనిమనిషి అసలు పేరు ఏదైనా యజమానులు 'బ్రిజెట్' అనే పిలిచేవారు. మీ వియ్యపురాలి అమ్మమ్మ ఆ దారిన వచ్చిన మనిషే.

అలా వెళ్ళే పిల్ల కోసం ముందురోజు రాత్రి ఊరంతా ఆ ఇంట్లో చేరేది. తెల్లవార్లూ పాటలు, ఆటలు, మధ్యమధ్య ఏడుపులు. దాన్ని వాళ్ళు 'అమెరికన్ వేక్' అనేవారు. వేక్ అంటే శవం దగ్గర చేసే జాగారం. వెళ్ళిన పిల్ల మళ్ళీ కంటికి కనపడదని తల్లికి తెలుసు, అందుకే ఆ పేరు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మనవాళ్ళు అన్నది కూడా అందుకేగా. ఈ సామెత ఆవిడకు చెప్పండి. మీ ఇద్దరికీ గంటసేపు కబుర్లకు ఆ ఒక్క మాట చాలు.

మీ చెల్లెలిగారికి కూడా ఒక మాట. ఐరిష్‌వాళ్ళంటే తాగుబోతులు, గొడవలమారులు అన్న పేరు కొత్తగా వచ్చింది కాదు. నూటయాభై ఏళ్ళ కిందట అమెరికా పత్రికల్లో వాళ్ళను కోతి ముఖాలతో, చేతిలో సీసాతో బొమ్మలు వేసేవారు. ఆ అవమానం గుర్తున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. కాబట్టి తాగుడు మాట మీరు సరదాకైనా ఎత్తకండి. బంగాళాదుంప మీద హాస్యం కూడా వద్దు.

ఇక మొదటి శనివారం. ఏమీ ఆలోచించకుండా 'బ్రూక్లిన్' పెట్టమనండి. 2015లో వచ్చింది, జాన్ క్రౌలీ తీశారు, కోలమ్ టోబీన్ నవల దానికి ఆధారం. 1950ల నాటి కథ. ఐర్లండ్‌లో ఎనిస్‌కార్తీ అనే చిన్న ఊరు. అక్కడ ఏలిష్ అనే అమ్మాయికి ఆదివారాలు ఒక కొట్లో పని తప్ప వేరే ఉద్యోగం లేదు. అక్క రోజ్ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ ఇల్లు నడుపుతుంటుంది. చెల్లెలికి ఇక్కడ బతుకు లేదని తెలిసి, అమెరికాలో ఉన్న ఒక పాదిరీ ద్వారా ఆవిడే ఏర్పాట్లు చేసి పంపుతుంది. ఏలిష్‌గా వేసిన సర్షా రోనన్ స్వయంగా ఐరిష్ తల్లిదండ్రులకు న్యూయార్క్‌లో పుట్టి, ఐర్లండ్‌లో పెరిగిన పిల్ల. 'సర్షా' అంటే వాళ్ళ భాషలో స్వేచ్ఛ అని అర్థం.

ఓడలో ఒక సన్నివేశం ఉంటుంది, జాగ్రత్తగా చూడండి. ఏలిష్‌కు సముద్రం పడక వాంతులు. పక్క గదివాళ్ళు మధ్యలో ఉన్న బాత్రూమ్ తలుపు గడియ పెట్టేసుకుంటారు. అదే గదిలో పై బెర్తులో ఉన్న అనుభవమున్న ఒకావిడ ఆ గడియ సంగతి చూసుకుని, ఈ పిల్లకు ఏం తినాలో ఏం తినకూడదో చెప్తుంది. దిగే రోజున ముఖానికి కాస్త రంగు అద్ది, ఇమిగ్రేషన్ దగ్గర దగ్గవద్దు, నిటారుగా నిలబడు అని నేర్పుతుంది. మొదటిసారి వీసా ఇంటర్వ్యూకు వెళ్ళేటప్పుడు మీకు ఎవరు ఏం చెప్పి పంపారో గుర్తు తెచ్చుకోండి. సినిమా చివర్లో ఏలిష్ ఇంకో పిల్లకు అవే జాగ్రత్తలు చెప్తుంది. ఒక ఆడదాని చేతిలోంచి ఇంకో ఆడదాని చేతిలోకి ఆ జాగ్రత్త అలా వెళ్ళడం చూస్తే నాకు ఎప్పుడూ కళ్ళు చెమరుస్తాయి.

ఇంకొకటి, క్రిస్మస్ భోజనం. చర్చి హాల్లో ముసలివాళ్ళకు అన్నం పెడుతుంటారు. అందరూ ఐరిష్‌వాళ్ళే, ఒంటరివాళ్ళే. ఇక్కడి సొరంగాలు, వంతెనలు కట్టింది వీళ్ళేనని పాదిరీ ఏలిష్‌తో అంటాడు. వాళ్ళల్లో ఒకాయన లేచి ఐరిష్ భాషలో పాట అందుకుంటాడు. ఆ పాటకు అర్థం మీకు తెలియదు. మీ వియ్యపురాలికి కూడా బహుశా తెలియదు. అమెరికాలో స్థిరపడిన ఐరిష్ కుటుంబాల్లో ఆ భాష ఏనాడో జారిపోయింది. ఆవిడ ముఖం చూడకండి, తెర వైపే చూడండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

ఈ సినిమాలో ఏలిష్ ఒక్కసారి కూడా గట్టిగా అరవదు. ధైర్యవంతురాలంటే కొట్లాడే మనిషి అనుకుని చూస్తే, ఈ పిల్లలో ఏముంది అనిపిస్తుంది. పగలు బట్టల దుకాణంలో నిలబడి, రాత్రిళ్ళు కాలేజీకి వెళ్ళి లెక్కలు రాయడం నేర్చుకుంటుంది. లెక్క రాయగలిగిన ఆడది ఎవరి దయ మీదా బతకక్కర్లేదు. మీ అమ్మగారు పాల లెక్క ఎక్కడ రాసేవారండీ, గోడ మీద బొగ్గుతోనా, నోటుబుక్కులోనా? అది గుర్తు తెచ్చుకుని చూడండి.

ముద్దులంటారా, ఒకటి రెండు ఉన్నాయి. ఒకచోట కొంచెం ఇబ్బంది పడే సన్నివేశం కూడా ఉంది, కానీ చిన్నదే. ఆ సమయానికి మంచినీళ్ళకు లేవండి. మీ అబ్బాయి కూడా లేస్తాడు, నాది హామీ.

ఈ సినిమా నేను మా అమ్మతో కలిసి చూశాను. మా అన్నయ్య దేశం వదిలి వెళ్ళిన ఏడాది అది. చివర్లో ఏలిష్ మళ్ళీ అమెరికా వెళ్ళిపోతున్నానని చెప్పినప్పుడు తల్లి ఏడవదు, వాదించదు. వీడ్కోలు ఇప్పుడే చెప్పేస్తానని చెప్పి తన గదిలోకి వెళ్ళి పడుకుంటుంది. మా అమ్మ అంతవరకూ మాట్లాడకుండా చూసి, అక్కడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వినపడింది. కడగడానికి గిన్నెలేం లేవని నాకు తెలుసు. మీరు కూడా కొడుకుని పంపిన తల్లే. మీ వియ్యపురాలు అలా వెళ్ళిన పిల్ల మనవరాలు. ఆ సన్నివేశాన్ని మీరు ఒడ్డు మీద నుంచి చూస్తారు, ఆవిడ ఓడలోంచి చూస్తుంది. సినిమా అయ్యాక ఏం మాట్లాడాలని అడిగారుగా, ఆవిడతో ఈ మాటే అనండి.

రెండో శనివారానికి 'ది క్వైట్ మ్యాన్', 1952. మీ వియ్యపురాలి వాళ్ళది మేయో అన్నారు కదా. ఈ సినిమా తీసింది మేయో కౌంటీలోని కాంగ్ అనే ఊళ్ళోనే. ఆవిడ చిన్నప్పుడు ప్రతి మార్చిలో చూసే ఉంటుంది. దర్శకుడు జాన్ ఫోర్డ్ తల్లిదండ్రులు పక్కనున్న గాల్వే నుంచి అమెరికా వెళ్ళినవాళ్ళు. ఆయన ఇంటిపేరు నిజానికి ఫీనీ. ఈ సినిమాకు ఆయనకు ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ వచ్చింది, అది నాలుగోది.

కథ మీకు చాలా దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే అంతా కట్నం గొడవే. అమెరికాలో పెరిగిన షాన్ తన పుట్టిన ఊరికి తిరిగి వచ్చి మేరీ కేట్‌ను పెళ్ళి చేసుకుంటాడు. మేరీ కేట్ అన్న ఆమెకు రావలసిన మూడు వందల యాభై పౌన్లు, సామాన్లు ఇవ్వనంటాడు. షాన్ 'డబ్బు నాకెందుకు, నువ్వు చాలు' అంటాడు. మనం అయితే ఎంత మంచి అల్లుడని మెచ్చుకుంటాం. ఆమె మాత్రం మండిపడుతుంది. అవి లేకుండా ఇంట్లో అడుగుపెడితే నేను పనిమనిషినే తప్ప భార్యను కాను అని ఆమె బాధ. ఇక్కడ మీరే కోడలికీ వియ్యపురాలికీ టీచరుగా చెప్పాలి. కట్నం అనగానే అత్తింటివాళ్ళు పిండుకునే డబ్బు అన్న అర్థం మనకు ముందు తడుతుంది, అది మన ఆడపిల్లల ప్రాణాలు తీసిన డబ్బు. మేరీ కేట్ అడిగేది అది కాదు. మనం పసుపు కుంకుమల కింద ఆడపిల్లకు రాసిచ్చే పొలం లాంటిది, స్త్రీధనం లాంటిది. వాళ్ళమ్మ కుర్చీలు, వాళ్ళమ్మ ఉయ్యాల తొట్టి. తన సొమ్ము తనది అనిపించుకోవాలని ఆమె పట్టుదల. చివరికి అన్న డబ్బు విసిరేసినప్పుడు ఆమె నూర్పిడి యంత్రం పొయ్యి తలుపు తెరిచి పట్టుకుంటే మొగుడు ఆ నోట్లు మంటలో పడేస్తాడు. ఆమెకు కావలసింది డబ్బు కాదు, హక్కు. ఈ తేడా తెలుగువాళ్ళకు అర్థమైనంత బాగా ఈనాటి అమెరికావాళ్ళకు అర్థం కాదని నా నమ్మకం.

అయితే ఒక విషయం దాచను. అదే సినిమాలో మొగుడు ఆమెను రైల్వే స్టేషన్ నుంచి పొలాల మీదుగా మైళ్ళ దూరం ఈడ్చుకుంటూ వస్తాడు. ఊరంతా వెనకాల నవ్వుకుంటూ నడుస్తుంది. ఒకావిడ 'భార్యను కొట్టడానికి మంచి కర్ర' అని ఇవ్వబోతుంది. దాన్ని హాస్యంగా తీశారు. నాకు నవ్వు రాలేదు, మీకూ రాదు. సర్దుకుపోయి నవ్వనక్కర్లేదు. ఇది నాకు నచ్చలేదని మెల్లగా చెప్పండి. పాత సినిమాల్లో మనవాళ్ళు కూడా చెంపదెబ్బలను ప్రేమగా చూపించారని కలిపి చెప్పండి. అప్పుడు అది ఆవిడ ఇంటి మీద నింద కాదు, మనిద్దరి ఇళ్ళ కష్టం అవుతుంది. మీ కోడలి మనసులో కూడా ఆ మాట ఎప్పటినుంచో ఉండి ఉంటుంది.

మేరీ కేట్‌గా వేసిన మోరీన్ ఒహారా గురించి రెండు ముక్కలు. డబ్లిన్ అమ్మాయి. 1946లో అమెరికా పౌరసత్వం తీసుకునేటప్పుడు కాగితాల మీద ఆమెను బ్రిటిష్ మనిషిగా రాయబోతే ఒప్పుకోలేదు, నేను ఐరిష్‌దాన్ని అని పట్టుబట్టింది. ఐరిష్‌వాళ్ళను ఇంగ్లీషువాళ్ళు అనకూడదన్నది ఇందుకే. మనల్ని 1947 తర్వాత కూడా ఎవరైనా బ్రిటిష్‌వాళ్ళంటే మనకు ఎలా ఉంటుంది? సినిమా ఆఖరి షాట్‌లో ఆమె షాన్‌గా వేసిన జాన్ వేన్ చెవిలో ఏదో చెప్తుంది, ఆయన ముఖం మారిపోతుంది. ఫోర్డ్ చెప్పమన్న ఆ మాట ఏమిటో ఆమె 2015లో చనిపోయేవరకూ ఎవరికీ చెప్పలేదు.

మూడోది 'ఎ ట్రీ గ్రోస్ ఇన్ బ్రూక్లిన్', 1945. నలుపు తెలుపు. దీన్ని మూడో వారానికే ఉంచండి, అప్పటికి మీ ఇద్దరికీ చనువు వస్తుంది. ఎలియా కజాన్ తీసిన మొదటి పెద్ద సినిమా. 1910ల బ్రూక్లిన్‌లో ఒక పేద కుటుంబం. తండ్రి జానీ నోలన్ ఐరిష్ వాడు, బంగారం లాంటి గొంతు, మంచి మనసు, తాగుడు. తల్లి కేటీ వాళ్ళుండే అపార్ట్‌మెంట్ మెట్లు తుడిచి ఇల్లు నడుపుతుంది. రేకు డబ్బాలో చిల్లర దాస్తుంది.

మీ చెల్లెలు అన్న తాగుడు ఇందులో ఉంది. కానీ దాని ఖర్చు ఎవరు కట్టారో కూడా ఉంది. తండ్రి పాటలు పాడతాడు, కలలు చెప్తాడు, పిల్లలకు ఆయనంటే ప్రాణం. తల్లి లెక్కలు చెప్తుంది, వద్దంటుంది, కాబట్టి తల్లి కఠినురాలు. మన ఇళ్ళల్లో ఇది ఎన్నిసార్లు చూశాం! కూతురు ఫ్రాన్సీ కూడా అమ్మకు తనంటే ఇష్టం లేదనుకుంటుంది. తండ్రి పోయాక, కేటీ పురిటి నొప్పులు పడుతూ మంచం మీద నుంచి కూతురితో నువ్వు రాసిన వ్యాసాలు చదివి వినిపించమ్మా అని అడుగుతుంది. అంతకాలం వాటిని చదవనే లేదని ఒప్పుకుంటుంది. ఇంత నిజంగా తల్లీకూతుళ్ళను చూపించిన సన్నివేశాలు నేను ఎక్కువ చూడలేదు. స్కూలు చదువు పూర్తయిన రోజున ఫ్రాన్సీ బల్ల మీద పూలగుత్తి ఉంటుంది. బతికుండగానే తండ్రి ఆ పూల కోసం పెద్దమ్మ దగ్గర డబ్బిచ్చి పెట్టాడు. టీచరుగా మీరు ఎంతమంది పిల్లల్ని అలా పంపించి ఉంటారో, ఆ రోజు రుమాలు దగ్గర పెట్టుకోండి. ఈ సినిమా అయ్యాక మీ అమ్మగారి గేదెల కథ చెప్పండి. దానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

నాలుగో వారం సినిమా ఎంపిక ఆవిడకే వదిలేయండి. మిమ్మల్ని అడిగితే మాత్రం 1964లో వచ్చిన 'ది అన్‌సింకబుల్ మోలీ బ్రౌన్' అనండి. పాటల సినిమా, డెబ్బీ రేనాల్డ్స్ హుషారుగా చేసింది. చరిత్రకు కొంచెం దూరం, కానీ ఆ మనిషి నిజం. మార్గరెట్ బ్రౌన్ ఐర్లండ్ నుంచి వచ్చిన తల్లిదండ్రులకు మిస్సోరిలో 1867లో పుట్టింది. మొగుడికి గనుల్లో అదృష్టం కలిసొచ్చింది. 1912లో టైటానిక్ మునిగినప్పుడు ఆరో నంబరు పడవలో తెడ్డు వేసింది, రక్షించిన ఓడ ఎక్కాక అన్నీ పోయిన పేద ప్రయాణికుల కోసం చందాలు పోగేసింది. 1997 నాటి 'టైటానిక్'లో పెద్ద టోపీ పెట్టుకుని హీరోకు కోటు అరువిచ్చే లావుపాటి ఆవిడ గుర్తుందా? ఆవిడే ఈవిడ. ఆ సినిమా మీరు గుంటూరులో చూసే ఉంటారు, ఈ కబురు మీరే మొదలుపెట్టవచ్చు.

'గాన్ విత్ ద విండ్' పేరు ఎవరైనా ఎత్తితే నేనైతే వద్దంటాను. స్కార్లెట్ ఒహారా ఐరిష్ రైతు కూతురే, మొండిఘటమే. కానీ బానిసల చెమటతో నడిచిన తోటను స్వర్గంలా చూపించిన సినిమా అది. అందులో నటించి ఆస్కార్ గెలిచిన మొదటి నల్లజాతి మనిషి హ్యాటీ మెక్‌డేనియల్ అట్లాంటాలో మొదటి ఆటకు వెళ్ళలేకపోయింది, అక్కడి వర్ణవివక్ష చట్టాల వల్ల. 'మిలియన్ డాలర్ బేబీ' మంచి సినిమా, హిలరీ స్వాంక్ బాక్సర్‌గా ప్రాణం పెట్టింది. కోచ్ ఆమె పచ్చ అంగీ మీద 'నా నాడి' అని అర్థం వచ్చే ఐరిష్ మాట రాయిస్తాడు. కానీ చివరి భాగమంతా ఆసుపత్రి మంచం. పండగలా కూర్చున్న చోట అది వద్దు. 'ఫిలోమినా' మాత్రం ఆవిడను అడిగి చూడండి. పెళ్ళి కాకుండా తల్లయిన ఐరిష్ అమ్మాయి బిడ్డను కాన్వెంటువాళ్ళు అమెరికా దంపతులకు ఇచ్చేస్తే, యాభై ఏళ్ళకు ఆ తల్లి వెతుక్కుంటూ వెళ్ళిన నిజమైన కథ. క్యాథలిక్ కుటుంబాల్లో కొందరికి అది పచ్చి గాయం. ఆవిడ ఊఁ అంటేనే.

మాటలు అందవన్న భయం వదిలేయండి. ఆ ఐరిష్ యాస అమెరికావాళ్ళకే సగం అందదు. క్యాప్షన్లు పెట్టమని మొదటి రోజే అడగండి, మీరు చదవగలరు, చాలు. ముందుగా కథ రెండు పేజీల్లో చదువుకుని వెళ్ళండి, క్లాసుకు లెసన్ ప్లాన్ రాసుకున్నట్టు.

తిండి సంగతి కోడలితో ముందే చెప్పించండి. మార్చి 17 ప్రాంతంలో అమెరికా ఐరిష్ ఇళ్ళల్లో క్యాబేజీతో వండే కార్న్డ్ బీఫ్ ఉంటుంది, అది గొడ్డుమాంసం. కోల్కానన్ అనేది ఉడికించి మెదిపిన బంగాళాదుంపల్లో క్యాబేజీ కలిపి, పైన వెన్న వేసింది, మీరు తినవచ్చు. సోడా బ్రెడ్ కూడా తినవచ్చు, గుడ్డు వేశారేమో ఒకమాట అడగండి. మీరు పులిహోర పట్టుకెళ్ళండి. ఉత్త చేతులతో వెళ్ళడం మీకు ఎలాగూ చేతకాదు.

ఇంకొక్కటి మీకు కానుకగా ఇస్తున్నాను, ఆవిడకు ఇవ్వండి. మేయో పక్కనే రాస్‌కామన్ అనే కౌంటీ ఉంది. అక్కడ పుట్టిన మార్గరెట్ కజిన్స్ ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం పోరాడి జైలుకెళ్ళి, 1915లో భర్తతో మన దేశం వచ్చింది. 1919లో టాగూరు మదనపల్లె కాలేజీకి వచ్చి జనగణమన పాడి వినిపిస్తే, ఆ పాటకు స్వరాలు కాగితం మీద పెట్టింది ఆవిడే. మన స్కూల్లో రోజూ పాడించిన పాట వెనక ఒక ఐరిష్ ఆడమనిషి ఉందని మీ వియ్యపురాలికి ఎవరూ చెప్పి ఉండరు.

వీలైతే ఏప్రిల్లో ఇద్దరూ, ఓడల్లో వలస వచ్చినవాళ్ళను తనిఖీ చేసి దేశంలోకి పంపిన ఎల్లిస్ ఐలండ్ వెళ్ళిరండి, జెర్సీ సిటీ నుంచే ఫెర్రీ ఉంది. 1892 జనవరి 1న అక్కడ దిగిన మొట్టమొదటి మనిషి యానీ మూర్, కార్క్ నుంచి ఇద్దరు తమ్ముళ్ళను వెంటబెట్టుకుని వచ్చిన పదిహేడేళ్ళ పిల్ల. అక్కడ ఆ పిల్ల విగ్రహం ఉంది. వెళ్ళేటప్పుడు ఆవిడ అమ్మమ్మ ఫొటో ఉంటే తీసుకురమ్మనండి. ఆ అమ్మమ్మ పేరేమిటో, ఎవరింట్లో పనిచేసిందో, మొదటి జీతం ఇంటికి ఎలా పంపిందో అడగండి.

ఆవిడను ఏమని పిలుస్తున్నారో మీరు రాయలేదు. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, ఏమీ అనకుండా మాట్లాడేస్తుంటారని నా అనుమానం. మొదటి శనివారమే చెప్పేయండి, మా భాషలో వియ్యపురాళ్ళు ఒకరినొకరు వదినగారూ అని పిలుచుకుంటారని. రెండు మూడుసార్లు పలికించండి. మీరు ఎంతమంది పిల్లలకు పలకడం నేర్పలేదు?